రెండంగుళాల బేరం

బండి కొనేముందు మన ఇళ్లలో జరిగే చర్చ తెలిసిందే. ధరెంత, మైలేజీ ఎంత, సర్వీసు సెంటరు దగ్గర్లో ఉందా, రేపు అమ్మితే ఎంతొస్తుంది... ఇవన్నీ అందరూ అడుగుతారు. సీటు ఎత్తెంత అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. పొడుగ్గా ఉన్నవాళ్లకు ఆ ప్రశ్నే తట్టదు. పొట్టిగా ఉన్నవాళ్లకు తట్టినా నలుగురిలో అడగడానికి మొహమాటం. షోరూంలో స్టాండు మీదున్న బండెక్కి, హ్యాండిల్ పట్టుకుని, అద్దంలో ఓసారి చూసుకుని, 'బాగానే ఉంది' అనేస్తారు. అసలు సంగతి తెలిసేది రోడ్డెక్కాక... మొదటిసారి ఆగినప్పుడు!

కంపెనీలు ఇచ్చే కాగితాల్లో ఈ లెక్క ఉంటుంది. యాక్టివా 6జీ సీటు ఎత్తు 764 మిల్లీమీటర్లు. స్ప్లెండర్ ప్లస్‌ది 785. బుల్లెట్ 350ది 805. మట్టిరోడ్లూ, రాళ్లదారుల కోసం చేసిన ఎక్స్‌పల్స్ 200 4వీ లాంటి బళ్లలో 825. ఇక మనుషుల లెక్క చూస్తే, మనదేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు. మగవాళ్లది 165కు అటూ ఇటూ. అంటే, దారి ఎంత కష్టమైనదైతే దానికి తగ్గ బండి అంత ఎత్తుగా ఉంటుంది. మనుషులు మాత్రం ఎక్కడైనా అదే ఎత్తు!

పాడేరులో ఉండే ఓ ఉపాధ్యాయినికి ఈ తేడా మోకాలి మీద నల్లటి మచ్చగా మిగిలింది.

నిలబడితేనే భయం

ఆమెది చోడవరం. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. తండ్రి ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆమె పిల్లలకు సైన్సు చెబుతుంది. ఉద్యోగం పాడేరు అవతల ఓ గిరిజన గ్రామంలో. పాడేరు నుంచి బడికి 22 కిలోమీటర్లు. అందులో చివరి ఏడు కిలోమీటర్లు మట్టిరోడ్డు. మధ్యలో రెండు గెడ్డలు. వానాకాలంలో ఆ రోడ్డు మీద మట్టి కొట్టుకుపోయి, పిడికిళ్లంత రాళ్లు పైకి తేలతాయి.

మొదట స్కూటీ మీద వెళ్లేది. దాని పొట్ట రాళ్లకు రాసుకునేది. చిన్న చక్రం గుంతలో దిగబడేది. జీపు కోసం ఆగితే మొదటి పీరియడు పోయేది. మూడేళ్లు అలా నెట్టుకొచ్చాక, ఆ దారికి పనికొచ్చే ఎత్తయిన బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంది. సీటు ఎత్తు 825. నేలకూ ఇంజిను అడుగుకూ మధ్య ఖాళీ 220 మిల్లీమీటర్లు. వెనక చక్రం గుంతల్లో 170 మిల్లీమీటర్ల దాకా పైకీ కిందికీ ఆడుతుంది.

కదులుతున్నంతసేపూ ఆ బండి పువ్వులా వెళ్లేది. ఆపితేనే చిక్కు. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల బొటనవేళ్లు మాత్రమే నేలను తాకేవి. సాపు రోడ్డు మీద అదైనా పర్వాలేదు. రోడ్డు అంచుకు వాలుగా ఉన్నచోట ఎడమకాలు పెట్టబోతే, నేల ఉండాల్సిన చోట ఉండేది కాదు. రెండంగుళాలు కిందికి ఉండేది. ఆ రెండంగుళాలు వెతుక్కునేలోపు బండి ఒరిగిపోయేది. నూటయాభై కిలోలు దాటిన బండి ఒక్కసారి వాలుమీదికి ఒరిగిందంటే మనిషి ఆపలేడు. ఆడదైనా అంతే, మగాడైనా అంతే.

మొదటి నెలలో రెండుసార్లు పడింది. రెండుసార్లూ వేగం సున్నా! ఒకసారి ఎదురుగా ఆవులు వస్తుంటే ఆగి, ఇంకోసారి బడి గేటు ముందు పిల్లల కళ్లెదుటే. రెండోసారి మోకాలు బండి కింద నలిగింది. ఆదివారం చోడవరం వెళ్తే తల్లి ఆ మచ్చ చూసింది.

''అమ్మేసేయ్. లేదంటే బదిలీ పెట్టుకో. కాలు విరిగితే ఆ పిల్లలొచ్చి చూస్తారా నిన్ను?'' అంది.

తండ్రి ఏమీ అనలేదు. బయటికెళ్లి బండిని రెండు చేతుల్తో వంచి చూసి, లోపలికొచ్చి ఒకే ముక్క అన్నారు. ''బండి మంచిదే అమ్మలూ. నీకే కొంచెం ఎత్తెక్కువ.''

సీటు కింద ఏతం

బండి ఎత్తు తగ్గించొచ్చని ఆమెకు తోటి ఉద్యోగి చెప్పాడు. వెనకవైపు 'లింకులు' మారిస్తే చాలట. అరగంట పని!

ఈ లింకుల సంగతి తెలియాలంటే సీటు కిందికి తొంగిచూడాలి. పాతకాలం బళ్లకు వెనక చక్రానికి అటొకటి ఇటొకటి రెండు షాక్ అబ్జార్బర్లు ఉండేవి. స్ప్లెండర్‌కు ఇప్పటికీ అంతే. వాటికి బదులు మధ్యలో ఒకే షాక్ పెట్టొచ్చన్న ఆలోచనను బెల్జియంకు చెందిన ఇంజినీరు లుసియన్ టిల్కెన్స్ ముందుకు తెచ్చారు. యమహా దాన్ని తీసుకుంది. ఆ అమరికతోనే స్వీడన్ రేసరు హకన్ ఆండర్సన్ 1973లో 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. తర్వాత 1980-81 ప్రాంతంలో కవాసాకీ, హోండా, సుజుకీలు ఇంకో అడుగు ముందుకేశాయి. షాక్‌ను నేరుగా చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కు తగిలించకుండా, మధ్యలో చిన్న మీట ఒకటి, దానికి ఇరువైపులా రెండు ఇనుప పట్టీలు పెట్టాయి. ఆ పట్టీలే లింకులు. కుక్క నమిలే ఎముకలా రెండు చివర్లూ గుండ్రంగా, నడుమ సన్నగా ఉంటాయని పాశ్చాత్య దేశాల మెకానిక్కులు వాటిని 'డాగ్ బోన్స్' అంటారు.

ఇవి చేసే పని మన ఏతం లాంటిదే. ఏతంలో మనిషి ఇటు కొద్దిగా కదిలితే అటు బాన చాలా దూరం కదులుతుంది. ఇక్కడా అంతే. చక్రం ఎక్కువగా కదులుతుంది, షాక్ తక్కువగా కదులుతుంది. పైగా చక్రం పైకొచ్చేకొద్దీ ఆ మీట కోణం మారి షాక్ మరింత గట్టిగా ఎదురుతిరుగుతుంది. అందుకే చిన్న గతుకు మెత్తగా, పెద్ద గుంత గట్టిగా తగులుతుంది.

ఏతం కర్ర ఎక్కడ ఆనుతుందో మారిస్తే బాన ఎత్తు మారిపోయినట్టే, లింకు పొడవు మారిస్తే బండి వెనకభాగం ఎత్తు మారిపోతుంది. చాలా బళ్లలో లింకు పొడవు పెంచితే సీటు కిందికి దిగుతుంది, తగ్గిస్తే లేస్తుంది. కొన్నింటిలో అమరికను బట్టి దీనికి తిరగబడుతుంది. ఎంత మారుస్తామో అంతే దిగదు కూడా. ఈ బండిలో లింకు ఒక మిల్లీమీటరు పెరిగితే వెనకభాగం దాదాపు మూడు మిల్లీమీటర్లు దిగుతోంది. చిన్న కొలతకు పెద్ద ఫలితం. చిన్న పొరపాటుకు పెద్ద తేడా కూడా!

అరగంట పని... వారం నొప్పి

ఆమె సెలవుపెట్టి విశాఖ వెళ్లింది. ఓ దుకాణంలో 50 మిల్లీమీటర్లు దించే లింకులు బిగించారు. నిజంగానే అరగంటలో అయిపోయింది. కూర్చుని చూస్తే రెండు పాదాలూ నేలమీద ముప్పాతికదాకా ఆనాయి. ఆ క్షణంలో ఆమెకు బండి కొన్నరోజు కలగనంత సంతోషం కలిగింది.

ఆ సంతోషం మాడుగుల దాటి ఘాట్ ఎక్కేదాకా ఉంది.

మొదటి మలుపులోనే హ్యాండిల్ మొరాయించింది. తిప్పితే తిరుగుతోంది గానీ బలం పెట్టాలి. వంపులో బండి బయటికి లాగుతున్నట్టు ఉంది. చీకటి పడ్డాక ఎదురొచ్చే ప్రతి బస్సూ ఆమెకు లైటు కొట్టింది. 'డిమ్ముచేయ్' అని! ఆమె అప్పటికే డిమ్‌లో ఉంది. మర్నాడు బడి ముందు సైడ్ స్టాండు వేసి లోపలికెళ్తే, నిటారుగా నిలబడ్డ బండి గాలికి కుడివైపు పడిపోయింది. శనివారం తండ్రి వస్తే వెనక ఎక్కించుకుంది. మట్టిరోడ్డు మీద ఓ గుంతలో పడగానే వెనక నుంచి 'గర్ర్' మని చప్పుడు.

తండ్రి భుజం తట్టి ఆపించారు. వంగి మడ్‌గార్డు లోపల చేత్తో తడిమారు. నల్లటి రబ్బరు పొడి వేళ్లకు అంటింది.

''టైరు తగులుతోంది. కాళ్లకు నేల అందింది గానీ, చక్రానికి చోటు పోయింది'' అన్నారు.

దిగిన ఎత్తు ఎక్కడికి పోయింది?

చోడవరంలో తండ్రికి తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నారు. ముప్పయ్యేళ్లుగా అదే షెడ్డు. ఆదివారం పొద్దున్నే తండ్రీ కూతుళ్లు వెళ్లారు.

''ఇదేటమ్మా, వెనకొక్కటే దించీసి వదిలీసారు!'' అన్నాడాయన చూడగానే.

''అంటే ముందు కూడా దించాలా బాబాయ్?''

''బండి అంటే మంచం కాదు కదమ్మా, ఓ కోడు కోసీసి ఊరుకోడానికి. మంచానికైనా ఓ కోడు తగ్గితే మిగతావి చూడాలి.''

ఆయన చెప్పింది సైన్సు టీచరుకు ఇట్టే అర్థమైంది. రెండు చక్రాల నడుమ దూరం దాదాపు 1400 మిల్లీమీటర్లు. వెనక 50 మిల్లీమీటర్లు దిగితే బండి మొత్తం రెండు డిగ్రీలు వెనక్కి వాలుతుంది. రెండు డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ ముందు ఫోర్కు అంతమేర పడుకుంటుంది. పడుకున్న ఫోర్కు నిటారు రోడ్డు మీద స్థిరంగా ఉన్నా, మలుపు తిరగడానికి బద్ధకిస్తుంది. హెడ్‌లైటూ అంతమేర ఆకాశం చూస్తుంది. ఒక్క డిగ్రీ లేస్తేనే 50 మీటర్ల దూరంలో వెలుగు దాదాపు 87 సెంటీమీటర్లు పైకెళ్తుంది. రెండు డిగ్రీలంటే మీటరున్నరకు పైనే. బస్సు డ్రైవర్లు ఊరికే లైటు కొట్టలేదు!

''ఘాట్లో మన లైటు ఎదుటివాడి కళ్లలో పడితే, వాడు లోయలోకెళ్లినా తప్పు మనదేనమ్మా'' అన్నారు తండ్రి. అన్నేళ్లూ ఆ దారిలో బస్సు నడిపిన మనిషి ఆయన.

తర్వాత టేపు తీశారు. బండిని ఇంజిను కింద దిమ్మెపెట్టి ఎత్తి, వెనక చక్రం గాల్లో వేలాడేలా చేశారు. ఇరుసు నుంచి సీటు కింద ఓ గుర్తుదాకా కొలిచారు. దించి, ఆమెను కూర్చోబెట్టి మళ్లీ కొలిచారు. ఈ రెండింటి తేడాయే మనిషి బరువుకు బండి ఎంత కుంగుతోందన్న లెక్క. చక్రం ఆడే మొత్తం దూరంలో ఇది మూడోవంతు లోపల ఉంటే మంచిదని మెకానిక్కుల అనుభవం. 170కి 55 దాకా అన్నమాట. ఆమె ఒక్కతే కూర్చుంటే 65 వచ్చింది. వెనక తండ్రి కూర్చుంటే వంద దాటింది. గుంతకు మిగిలింది డెబ్బయ్యే.

ఎందుకిలా? స్ప్రింగు మారలేదు కదా! మారలేదు. కానీ లింకు పొడవు పెరగడంతో ఏతం లెక్క మారింది. అదే స్ప్రింగు ఇప్పుడు మెత్తబడినట్టు పనిచేస్తోంది. పోనీ స్ప్రింగు బిగిద్దామా అంటే, బిగిస్తే బండి లేస్తుంది. లేస్తే కాళ్లందవు. డబ్బు పెట్టి దించుకున్న ఎత్తు మళ్లీ వచ్చేస్తుంది. పైగా వెనకభాగం కిందికి రావడంతో, పూర్తిగా కుంగినప్పుడు చక్రం మడ్‌గార్డును తాకేంత పైకి వస్తోంది.

''దిగిన ఎత్తు గాల్లోకి పోదమ్మా. ఎక్కడో ఓ చోట నీకు తగ్గుతాది. ఎక్కడ తగ్గితే నీకు ఇబ్బంది లేదో అదొక్కటీ చూసుకోవాలి'' అన్నాడు మెకానిక్.

ఆమెకు అక్కడే ఆలోచన మొదలైంది. తను ఈ బండి కొన్నదే ఎత్తు కోసం. రాళ్లకు తగలకూడదని, గుంతలో కుంగినా దెబ్బ తినకూడదని. ఇప్పుడు కాలు అందడం కోసం ఆ ఎత్తునే అమ్ముకుంటే ఇక స్కూటీకీ దీనికీ తేడా ఏముంది?

బేరం కుదిరింది

మధ్యాహ్నానికి ముగ్గురూ కలిసి ఓ లెక్కకు వచ్చారు. కావాల్సింది రెండంగుళాలు. అంటే 50 మిల్లీమీటర్లు. దాన్ని ఒక్క లింకుల దగ్గరే తీసుకోకుండా తలా కాస్త పంచాలి.

లింకులతో వెనక 25 మిల్లీమీటర్లు. ముందు ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లోంచి 15 మిల్లీమీటర్లు పైకి జరిపి ముందుభాగం కూడా దించడం. సీటు రెండు చక్రాల మధ్య వెనక్కి జరిగి ఉంటుంది కాబట్టి ఈ రెండింటితో సీటు దగ్గర 22 మిల్లీమీటర్లు దిగుతుంది. బండి వెనక్కి వాలడం అర డిగ్రీ లోపలే. సీటు స్పాంజి ముందువైపు కొంత తీయించి, రెండు తొడల దగ్గరా సన్నగా చేయిస్తే ఇంకో 18. సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు పక్కలకు చాచాల్సి వస్తుంది. ఆ మేరకు ఎత్తు పెరిగినట్టే. అందుకే స్పాంజి లోతు కంటే వెడల్పు తగ్గించడం మేలు. ఇక మిగిలిన 10? మందపాటి అడుగున్న బూట్లు!

22, 18, 10... మొత్తం 50.

పని మొదలైంది. ఈసారి అరగంటలో కాలేదు, సాయంత్రం దాకా పట్టింది. ఆ పనిలో గమనించాల్సినవి చాలానే ఉన్నాయి.

బండిని ఫ్రేము ఆధారంగా ఎత్తాలి. స్వింగ్ ఆర్మ్ కింద స్టాండు పెడితే బరువంతా లింకుల మీదే ఉంటుంది. అప్పుడు బోల్టు లాగితే బండి ఒక్కసారిగా కూలబడుతుంది. రెండు లింకులూ అచ్చంగా ఒకే పొడవుండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా మీట మెలితిరిగి బేరింగులు అరిగిపోతాయి. పొడవును మరతిప్పి మార్చుకునే లింకులు కూడా దొరుకుతాయి. వాటితో కొలత సరిచూసుకోవడం తేలికే. కానీ మర ఎంత లోపలుండాలో తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు. లాక్ నట్లు బిగించడం మరవకూడదు.

ఊళ్లో లేత్ మిషన్ దగ్గర ఇనుప పట్టీకి రెండు బెజ్జాలు వేయించి పెట్టేవాళ్లూ ఉన్నారు. అది చాలా ప్రమాదం. ఏతం లెక్క వల్ల ఆ పట్టీల మీద పడే లాగుడు మనిషి బరువుకు ఎన్నోరెట్లు ఉంటుంది. నడుస్తుండగా ఒకటి తెగితే వెనకభాగం చక్రం మీద కూలుతుంది.

పాత బోల్టులు తీసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మీటలోని నీడిల్ బేరింగుల్లో గ్రీజు చుక్క లేదు. గెడ్డల్లో నీళ్లు దూరి తుప్పు పట్టింది. చక్రం దగ్గర, కిందివైపు ఉండే ఈ బేరింగులను ఎవరూ పట్టించుకోరు. మెకానిక్ వాటిని కడిగి, అరిగిన రెండింటిని మార్చి, గ్రీజు పట్టించాడు. బోల్టులను చేతివాటంగా కాకుండా, కంపెనీ చెప్పిన బలానికి టార్క్ రెంచితో బిగించాడు.

ఆ తర్వాతిది విశాఖలో ఎవరూ చేయని పని. షాక్ మీది స్ప్రింగును తీసేసి, ఉత్త షాక్‌ను తిరిగి బిగించి, చక్రాన్ని చేత్తో చివరిదాకా పైకి నొక్కాడు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరే ఖాళీ ఉంది. ముందు ఫోర్కు కూడా అలాగే చూశాడు. పూర్తిగా కుంగినా ముందు టైరు దేనికీ తగలకూడదు. స్ప్రింగు మళ్లీ ఎక్కించి కుంగుడు కొలిస్తే ఆమె బరువుకు 57 వచ్చింది. తండ్రిని ఎక్కించుకున్న రోజున స్ప్రింగు రెండు మెట్లు బిగించుకోమన్నాడు.

సైడ్ స్టాండు కోయడం ఆఖరున. ఒకేసారి కోయలేదు. కొంచెం కోసి, అతుకుపెట్టి, బండి నిలబెట్టి చూసి, మళ్లీ కొంచెం. గొలుసు వదులు మళ్లీ సరిచేశాడు. వెనకభాగం ఎత్తు మారితే అదీ మారుతుంది. చీకటి పడ్డాక గోడముందు బండిపెట్టి, తండ్రే దగ్గరుండి హెడ్‌లైటు దించారు.

కాగితాల మాట

ఇలాంటి మార్పుల దగ్గర చట్టం మాట కూడా ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గట్టిగా చెప్పింది. అందుకే బోల్టు విప్పకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం మంచిది. రేపు ఏదైనా జరిగితే 'మాకు చెప్పలేదు' అనే అవకాశం వాళ్లకు ఇవ్వకూడదు. వారంటీ ఉన్న బండికి బయటి లింకులు వేస్తే ఆ భాగానికి వారంటీ పోయే అవకాశమూ ఉంది.

కంపెనీయే ఇచ్చే దారి ఉంటే ముందు అది చూడాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కి మామూలు సీటుతో ఎత్తు 825 మిల్లీమీటర్లయితే, కంపెనీ అమ్మే తక్కువ ఎత్తు సీటుతో 805. సుజుకీ డీఆర్650కి షాక్‌ను కింద తగిలించుకోవడానికి ఫ్యాక్టరీలోనే ఇంకో చోటు పెట్టారు. 885 మిల్లీమీటర్ల సీటు దాంతో 845కు దిగుతుంది. పొట్టివాళ్లూ బండి నడుపుతారని ఆ ఇంజినీర్లకు ముందే తట్టిందన్నమాట.

ఒక్క కాలు చాలు

ఇంతా చేశాక ఆమెకు నేల పూర్తిగా అందిందా? లేదు. ఇప్పుడు రెండు కాళ్లూ మునివేళ్ల కింది మెత్తదాకా ఆనుతాయి. మడమలు గాల్లోనే ఉంటాయి. నేలకూ ఇంజినుకూ మధ్య ఖాళీ 220లోంచి 200 మిల్లీమీటర్లకు తగ్గింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్లే ఉండాలి. అలా కట్టేవాళ్లు తక్కువ కాబట్టి ఆ ఇరవై పోవడం చిన్న సంగతేమీ కాదు. బడి దారిలో ఒకచోట, రెండో గెడ్డ దాటాక, ఇదివరకు మీదుగా వెళ్లిపోయే రాయిని ఇప్పుడు పక్కనుంచి తప్పించుకోవాలి. ఆ ఒక్క రాయి ఆమె చెల్లించిన మూల్యం. తెలిసి చెల్లించింది.

మిగతాది తండ్రి నేర్పించారు. వారంరోజులు చోడవరం కాలేజీ మైదానంలో పొద్దున్నే బండి పట్టించారు. ఆగేముందు నేల చూడు. వాలు ఎటుందో చూసి, ఎత్తున్న వైపే కాలు పెట్టు. రెండు కాళ్లూ పెట్టాలని చూడకు. పిరుదును సీటు మీద ఎడమకు జరిపి ఎడమపాదం మొత్తం ఆనించు. కుడికాలు వెనక బ్రేకు మీదే ఉండనీ. చివరి మీటరులో ముందు బ్రేకు పట్టకు, హ్యాండిల్ తిరిగి ఉంటే అసలే పట్టకు.

''యాభై మందితో బస్సు నడిపాను. బ్రేకు వేసేటప్పుడు నా కాలు నేలకు ఆనిందా ఏమన్నానా? ఎక్కడ ఆపాలో తెలియడమే డ్రైవింగు అమ్మలూ'' అన్నారాయన.

తల్లి ఈ వారమంతా వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. బదిలీ మాట మళ్లీ ఎత్తలేదు. కొత్త బూట్లను మాత్రం చేతిలోకి తీసుకుని, అడుగు ఎంత మందముందో వేలితో కొలిచి, ''ఇంకాస్త మందమైనవి దొరకలేదా?'' అని అడిగింది.

విశాఖలో బిగించిన 50 మిల్లీమీటర్ల లింకుల్ని మెకానిక్ పారేయలేదు. తుడిచి ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె వాటిని బడికి తీసుకెళ్లింది. ఎనిమిదో తరగతి పిల్లలకు మీటల పాఠం వచ్చినప్పుడు, ఒక కర్ర, ఒక ఇటుక, ఆ రెండు లింకులు బల్లమీద పెట్టింది. ఇటు చిన్నగా నొక్కితే అటు పెద్దగా లేస్తోంది.

''మరైతే టీచర్, అటు ఎక్కువ కదిలితే మనకు లాభమే కదా?'' అని ముందువరసలో ఓ పిల్ల అడిగింది.

ఆమె కర్రకు అవతలి చివర ఇంకో ఇటుక పెట్టింది. ''ఇప్పుడు నొక్కు'' అంది.

పిల్ల నొక్కింది. లేవలేదు. రెండు చేతులూ వేసి నొక్కింది. కొంచెం లేచింది.

''అర్థమైందా? కదలిక ఎక్కువ కావాలంటే బలం ఎక్కువ పెట్టాలి. ఏదీ ఊరికే రాదు.''